గ్యారేజీ పాఠాలు – 4వ భాగం: స్ప్రే బాటిల్ నాలుగు కాలాల పాటు పనిచేయాలంటే

కిందటి భాగంలో డీగ్రీజర్‌కి, అంటే జిడ్డు వదిలించే మందుకి, ఎన్ని పాళ్లు నీళ్లు కలపాలో చూశాం. ఈసారి ఆ కలిపిన మందు పోసుకునే బాటిల్ సంగతి. చిన్న వస్తువే కదా అని చాలామంది దీని మీద మనసు పెట్టరు, కానీ బండ్లు కడిగే పనిలో స్పానర్ కన్నా ఎక్కువసేపు చేతిలో ఉండేది ఇదే.

ముందు ఒక పని చేయండి. పాడైపోయి మూలన పడేసిన స్ప్రే తల ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది, దాని పై తొడుగును స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఊడదీసి లోపల చూడండి. ట్రిగ్గర్ వెనకాల ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. నొక్కితే అది మందును నాజిల్ వైపు తోస్తుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి నెడుతుంది, ఆ లాగుడికి గొట్టంలోంచి మందు పైకి వస్తుంది. వచ్చింది మళ్లీ కిందికి జారిపోకుండా చాలా తలల్లో గొట్టం పైన ఒక గోళీ కూర్చుని ఉంటుంది. కొత్త బాటిల్ మొదటి నాలుగైదు నొక్కులు ఉత్తిగాలి కొట్టడం మామూలే, రోజూ పది నొక్కులు నొక్కితే గానీ మందు రాలేదంటే మాత్రం ఆ గోళీ కింద మురికి చేరిందనుకోండి.

ఇప్పుడు ఆ స్ప్రింగ్‌ని చూడండి, అసలు పాఠమంతా అక్కడే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పని మొదలుపెట్టిన కొత్తలో చవగ్గా వస్తున్నాయని ఒక డజను తలలు కొన్నాను, ఒకదాన్ని యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్‌కి పెట్టాను. రెండో వారానికే ట్రిగ్గర్ నొక్కితే లోపలే ఉండిపోయింది, తెల్ల కారు డోర్ మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి. విప్పితే స్ప్రింగ్ ఎర్రగా తుప్పుపట్టి వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది, ఎందుకంటే అది మందులోనే నానుతోంది. అప్పటి నుంచి కొనేముందు ఒకటే అడుగుతున్నాను: స్ప్రింగ్‌కి మందు తగులుతుందా, తగలదా? స్ప్రింగ్ మందు దారికి బయట ఉన్న తల, లేదా ప్లాస్టిక్ స్ప్రింగ్ ఉన్న తల యాసిడ్‌కీ బ్లీచ్‌కీ తీసుకోండి. షాంపూ నీళ్లకి, గ్లాస్ క్లీనర్‌కి మామూలుది చాలు, అక్కడ డబ్బు దండగ చేయక్కర్లేదు.

రెండోది వాషర్, అంటే తల లోపల మందు కారకుండా ఆపే రబ్బరు రింగు. నూనె, కిరసనాయిలు రకం మందులకి నైట్రైల్ రబ్బరు వాషర్ బాగా ఆగుతుంది, ఘాటైన యాసిడ్ మందులకైతే విటాన్ అనే రబ్బరు ఉన్నది చూసుకోండి. థిన్నర్, పెట్రోల్ మాత్రం ఏ స్ప్రే బాటిల్లోనూ పోయకండి. తుంపరగా కొట్టిన పెట్రోల్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు.

బాటిల్ అడుగున త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది. అది ప్లాస్టిక్ రకం చెబుతుంది. 2 అని ఉంటే హెచ్‌డీపీఈ, పాలరంగులో కాస్త మెత్తగా ఉంటుంది, గ్యారేజీ మందులు చాలావాటికి ఇదే నయం. 1 అని ఉంటే పెట్, అద్దంలా కనిపిస్తుంది గానీ కాస్టిక్ ఉన్న ఇంజిన్ క్లీనర్ పోసి నెలల తరబడి ఉంచితే పెళుసెక్కి పగులుతుంది. తల విడిగా కొంటుంటే మూతి కొలత చూడండి: 28/400, 28/410 రెండూ 28 మిల్లీమీటర్లవే, కానీ 410కి థ్రెడ్ ఒకటిన్నర చుట్టు, 400కి ఒక్క చుట్టు. ఒకదాని తల ఇంకోదానికి బిగిసినట్టే ఉంటుంది, బాటిల్ వంచితే మెడ దగ్గర కారుతుంది.

ఇక రోజువారీ సంరక్షణ. సాయంత్రం పని అయ్యాక తల విప్పి, గొట్టాన్ని మగ్గులో మంచినీళ్లలో ముంచి పది నొక్కులు, పైకి తీసి ఉత్తిగాలి వచ్చేదాకా ఇంకో పది. రెండు నిమిషాల పని, దీన్ని మాత్రం మానొద్దు. డ్యాష్‌బోర్డ్ పాలిష్ జిగురులా పట్టేస్తుంది కాబట్టి దానికి గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు. బోరు నీళ్లు వాడేవాళ్లకి నాజిల్‌లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, వెనిగర్‌లో గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై తుంపర పోయి ధార వస్తుంది. బ్లీచ్ వాడిన తలని మాత్రం వెనిగర్‌లో వేయకండి, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. బ్లీచ్, యాసిడ్ పక్కపక్కన పెట్టకపోవడం కూడా అందుకే. ఒక తల ఒకే మందుకి, ఎంత కడిగినా సరే. పేరు మార్కర్‌తో రాసి దాని మీద పారదర్శక టేపు అతికించండి, లేకపోతే డీగ్రీజర్ చేతులకి నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది.

వాడుతుంటే బాటిల్ పొట్ట లోపలికి నొక్కుకుపోతోందా? తలలో గాలి పోయే సన్నని దారి మూసుకుపోయింది, కడిగితే సరిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మాత్రం దీనికి ఎదురు జరుగుతుంది, లోపలి గాలి ఉబ్బి మందును బయటికి తోస్తుంది. అందుకే మూతి దాకా నింపొద్దు, వారం పాటు వాడకపోతే తల తీసి మామూలు మూత పెట్టండి.

ఈ వారం పని: బాటిల్లో సరిగ్గా 500 మి.లీ. నీళ్లు పోసి 100 సార్లు పూర్తిగా నొక్కండి, తర్వాత ఎంత మిగిలిందో కొలవండి. 400 మిగిలితే నొక్కుకి 1 మి.లీ. వస్తున్నట్టు. ఆ అంకెని తేదీతో సహా బాటిల్ మీదే రాయండి. నెల తర్వాత మళ్లీ కొలిస్తే అంకె బాగా పడిపోయిందా, వాషర్ అరిగింది. 5వ భాగంలో ఫోమ్ పంపు చేపడతాం, ఒక కారుకి ఎంత మందు కలపాలో లెక్క వేయడానికి ఈ అంకె కావాలి, దగ్గర పెట్టుకోండి.