టారో నేర్చుకుందాం – 8వ భాగం: ఎయిట్ ఆఫ్ స్వార్డ్స్, ఎటూ కదల్లేని మనసు

పోయిన భాగంలో సెవెన్ ఆఫ్ స్వార్డ్స్ (కత్తుల వరసలో ఏడో కార్డు) చూశాం, ఇప్పుడు ఎనిమిదోది. మీ దగ్గర టారో డెక్ (బొమ్మల కార్డుల కట్ట) ఉంటే ఈ కార్డు తీసి ఎదురుగా పెట్టుకోండి. అర్థం కోసం అప్పుడే ఫోన్‌లో వెతక్కండి, కాసేపు బొమ్మనే చూడండి.

1909లో లండన్‌లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్ బొమ్మనే మనం వాడుతున్నాం, గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. ఒక స్త్రీ నిలబడి ఉంది, కళ్ళకు గంతలు, చేతులు కదలకుండా ఒంటి చుట్టూ పట్టీలు, పక్కనా వెనకా నేలలో దిగేసిన ఎనిమిది కత్తులు, కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచిన తడి నేల, దూరంగా కొండ మీద కోట. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. ఇప్పుడు బొమ్మలో ఏవి లేవో చూడండి. కాపలా మనిషి లేడు. కాళ్ళకు కట్లు లేవు. ఆమెకు ఎదురుగా, అంటే మన వైపు, ఒక్క కత్తి కూడా లేదు. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఇదే, కార్డులో ఉన్నవాటితో పాటు లేనివాటిని కూడా చదవడం. డెక్‌ను రూపొందించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కూడా ఇది కొంతకాలపు నిర్బంధమే తప్ప ఎప్పటికీ వదలని చెర కాదనే రాశాడు.

కత్తులంటే టారోలో ఆలోచన, మాట, తర్కం. కాబట్టి ఇక్కడ ఆమె చుట్టూ నిలబడ్డవి "నావల్ల కాదు", "ఇప్పుడు లేటయిపోయింది", "నలుగురూ ఏమనుకుంటారో" లాంటి వాక్యాలని చదువుకోవచ్చు.

అయితే చాలామంది ఇక్కడే తొందరపడి "ఇదంతా నీ మనసులోనే ఉంది, నిన్ను నువ్వే కట్టేసుకున్నావు" అనేస్తారు. నాకు ఈ రీడింగ్ అస్సలు నచ్చదు. అలా చేతులు కదలకుండా ఎవరూ తమను తాము కట్టుకోలేరు కదా, ఆ కట్లు ఎవరో కట్టినవే. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నా, అప్పు మెడ మీద కూర్చున్నా, అది ఊహ కాదు. అలాంటి వాళ్ళకు కార్డు అర్థం చెప్పి పంపేయకండి, మహిళల హెల్ప్‌లైన్ 181 గురించి, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 గురించి చెప్పండి.

మరి కాళ్ళు ఖాళీగా ఉన్నా ఆమె ఎందుకు కదలదు? 1960ల్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి (చదవడానికే బాధ కలిగించే ప్రయోగాలు అవి). ఏం చేసినా ఆగని షాక్‌లు తిన్న కుక్కలను తర్వాత చిన్న అడ్డు దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో ఉంచితే, చాలావరకు దూకే ప్రయత్నమే మానేసి పడుకుండిపోయాయి. బుజ్జగించినా, తిండి చూపించినా కదల్లేదు. పట్టుకుని అడ్డు దాటించి, మళ్ళీ మళ్ళీ దాటిస్తే గానీ వాటంతట అవి దాటడం మొదలుపెట్టలేదు. ఏం చేసినా లాభం లేదని నేర్చుకోవడం వల్లే ఇలా అవుతుందని అప్పట్లో అన్న ఆ ఇద్దరే 2016లో తమ సిద్ధాంతాన్ని సరిదిద్దుకున్నారు: ఎడతెగని బాధలో చతికిలపడిపోవడం మెదడుకు సహజంగా వచ్చే స్పందన, నేర్చుకోవాల్సింది "నేను కదిలితే ఏదో మారుతుంది" అన్న సంగతినట. ఈ కార్డు వచ్చిన మనిషికి ధైర్యవచనాలు ఎందుకు ఎక్కవో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ మనిషికి కావాల్సింది చాలా చిన్నదైనా సరే, తన కాలితో తాను వేసిన ఒక అడుగు.

ఇప్పుడు అభ్యాసం. మీరు ఇరుక్కుపోయామనుకుంటున్న విషయాన్ని "నేను ఫలానా పని చేయలేను, ఎందుకంటే..." అని మొదలుపెట్టి, వచ్చిన కారణాలన్నీ రాసేయండి. ఉదాహరణకు ఉద్యోగం మానలేను, ఎందుకంటే ప్రతినెలా 5న ఈఎంఐ కట్టాలి, ఈ వయసులో నన్నెవరూ తీసుకోరు, నాన్న బాధపడతారు. ఒక్కో కారణం పక్కన "ఇది నాకెలా తెలుసు?" అని రాసి జవాబు పెట్టండి. ఈఎంఐకి బ్యాంకు కాగితం ఉంది, అది నిజమైన కట్టు, దానికి లెక్క వేసుకోవాల్సిందే. ఎవరూ తీసుకోరన్నది? ఈమధ్య ఎక్కడా అప్లై చేయకపోతే అది గంత, కట్టు కాదు. నాన్న సంగతి, అడిగారా, లేక మీరే అనుకున్నారా? ఇలా కట్లు వేరు, గంతలు వేరు అని తేలాక, ఒక గంతను ఎంచుకుని ఈ వారంలో అది నిజమో కాదో తెలుసుకునే ఒక పని చేయండి. ఒక్క ఫోన్ కాల్, ఒక్క అప్లికేషన్ అయినా చాలు. పెద్ద నిర్ణయాలు మాత్రం ఈ కార్డు చూసి తీసుకోకండి, గంతలు ఉండగా పరిగెత్తితే కత్తుల మీదే పడతాం.

కార్డు తలకిందులుగా వస్తే కట్లు వదులవుతున్నాయని నేను చదువుతాను, కానీ చుట్టుపక్కల కార్డులు చూడకుండా ఆ మాట అనను.

వచ్చే భాగంలో నైన్ ఆఫ్ స్వార్డ్స్, అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి. ఈలోగా మీ కాగితం రాసి ఉంచుకోండి, ఆ పాఠంలో దానితోనే పని.