రాజకీయ విలేకరిగా ఎదగడం ఎలా? పత్రిక డెస్క్ నుంచి టీవీ లైవ్ దాకా

రాజకీయ విలేకరి కావాలనుకునేవారు చాలామంది నాయకుల పరిచయాల కోసం ముందుగా వెతుకుతారు. ముందు వెతకవలసినవి కాగితాలు. రాజ్యాంగం, చట్టసభ నియమావళి, బడ్జెట్ పత్రాలు, ఎన్నికల చట్టం శ్రద్ధగా చదివినవారికి నాయకుడు చెబుతున్నదానిలో కొత్తది ఏదో, పాత హామీకి వేసిన కొత్త రంగు ఏదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. జర్నలిజం పట్టా ఉపయోగపడుతుంది. అయితే ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం లేదా రాజనీతిశాస్త్రంలో గట్టి పునాది ఉండడం అంతకన్నా ఎక్కువ కాలం అక్కరకు వస్తుంది.

తర్వాతి మెట్టు పత్రికలో పని. నేరుగా రాజకీయ బీట్ (విలేకరికి అప్పగించే వార్తా రంగం) దక్కకపోతే నిరాశపడనక్కరలేదు. స్థానిక సంస్థల సమావేశాలు, కోర్టులు, పోలీసు వార్తలు చూసినవారికి అధికారం కింది స్థాయిలో ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. 1972 జూన్‌లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఉన్న డెమొక్రటిక్ పార్టీ కార్యాలయంలో జరిగిన చొరబాటు వెనుక ఉన్న కథను వెలికితీసిన వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అప్పటికి నగర వార్తల విభాగంలోనే పనిచేస్తున్నారు. కొంతకాలం డెస్క్‌లో ఉపసంపాదకుడిగా చేస్తే, ఇతరుల వార్తను కుదించే అలవాటు మీ వాక్యాలనూ చక్కదిద్దుతుంది.

మూడవది, ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైనది, సమాచారమిచ్చేవారి నమ్మకం సంపాదించడం. మంత్రుల చుట్టూనే తిరగకుండా కమిటీల సిబ్బందితో, పార్టీ కార్యాలయాల కార్యకర్తలతో, ప్రతిపక్షంవారితో, పదవీ విరమణ చేసిన అధికారులతో, వార్త అవసరం లేని రోజుల్లో కూడా మాట్లాడుతూ ఉండాలి. పేరుతో రాయవచ్చా, పేరు లేకుండా రాయవచ్చా, అసలు రాయకూడదా అన్నది సంభాషణ మొదలవకముందే తేల్చుకోవాలి. మాట్లాడాక బేరం పెట్టుకుంటే ఇద్దరికీ ఇబ్బందే. ఇచ్చిన మాట మాత్రం ఎన్నేళ్లయినా నిలబెట్టుకోవాలి. వాటర్‌గేట్ విషయంలో వుడ్‌వర్డ్‌కు సహకరించిన అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఉన్నతాధికారి మార్క్ ఫెల్ట్ పేరు 2005లో ఆయన వైపు నుంచే వెల్లడయ్యేవరకు ఆ విలేకరులు బయటపెట్టలేదు. ఇంత గోప్యత పాటించేటప్పుడు మరో జాగ్రత్త తప్పనిసరి: సమాచారం ఇచ్చినవారికి దానివల్ల ఒరిగే లాభమేమిటో ఆలోచించి, సంబంధం లేని మరొకరి ద్వారా గానీ పత్రం ద్వారా గానీ నిర్ధారించుకున్నాకే రాయాలి.

టీవీలోకి మారేటప్పుడు ఈ క్రమశిక్షణకు తొందర పెద్ద శత్రువు. 2000 నవంబరు 7 రాత్రి, అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వస్తుండగా, అమెరికా ప్రధాన టీవీ సంస్థలు ఫ్లోరిడా రాష్ట్రంలో డెమొక్రటిక్ అభ్యర్థి ఆల్ గోర్ గెలిచారని ప్రకటించి వెనక్కి తీసుకున్నాయి. తర్వాత ఆయన ప్రత్యర్థి జార్జ్ బుష్ గెలిచారని ప్రకటించి, తెల్లవారకముందే దాన్నీ వెనక్కి తీసుకున్నాయి. లైవ్‌లో నిలబడ్డప్పుడు నిర్ధారణ అయినది, ఇంకా కానిది విడివిడిగా చెప్పడం నేర్చుకోవాలి. చిన్న వాక్యాలు వాడాలి, కాగితం చూసి చదవకూడదు. ఇంటర్వ్యూలో ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలి. నాయకుడు దాటవేస్తే, గొంతు పెంచకుండా అదే ప్రశ్నను ఆయన పాత ప్రకటన తేదీతో సహా మళ్లీ ముందుంచాలి. ప్యానల్ చర్చల్లో కేకలను అదుపు చేయలేని యాంకర్ వల్ల ప్రేక్షకుడికి ఏ సమాచారమూ అందదని నా గట్టి అభిప్రాయం.

బ్యూరో చీఫ్, రాజకీయ సంపాదకుడు వంటి పదవులు అనుభవంతో వస్తాయి. వాటితోపాటే పార్టీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, సలహాదారు పదవుల ఆశలు కూడా వస్తాయి. వీటిని మొదటిసారే తిరస్కరించి, ఆ సంగతి సంపాదకుడికి తెలియజేయాలి. వార్తలో తప్పు దొర్లినట్లు తేలితే సవరణను ఆలస్యం చేయకుండా, పాఠకుడికీ ప్రేక్షకుడికీ స్పష్టంగా కనిపించే చోట ఇవ్వాలి. నోట్‌బుక్కులు, రికార్డింగులు తేదీలవారీగా భద్రపరచుకుంటే, వార్తపై ఫిర్యాదో పరువునష్టం దావానో వచ్చిన రోజున మీ తరఫున మాట్లాడేవి అవే.