మిద్దె తోటలో కాసేవి, కాయనివి: తిరుపతి ఎండకూ వానకూ తగిన పద్ధతులు

తిరుపతిలో మిద్దె తోట మొదలుపెట్టిన వారిని తరచుగా కలవరపెట్టే వింత ఒకటి ఉంది. నర్సరీ నుంచి తెచ్చి, వేళకు నీళ్లు పోసి, ఎరువు వేసి పెంచిన టమాట మొక్క పూతంతా రాల్చుకుని నిలబడుతుంది. అంట్ల నీళ్లు పారే చోట ఎవరూ నాటకుండా మొలిచిన టమాట మాత్రం గుత్తులుగా కాస్తుంది. దీన్ని హస్తవాసికి వదిలేయడం తేలికే గానీ, కారణాలు చాలావరకు తెలుసుకోదగినవే. వంటింటి నీళ్లతో ఏడాది పొడవునా ఎన్నో గింజలు అక్కడికి చేరుతాయి. అదను తప్పి మొలిచినవి మన కంట పడకుండానే ఎండిపోతాయి, అదనుకు మొలిచినదే మనకు కనిపిస్తుంది. పైగా దాన్ని ఎవరూ పెరికి మరోచోట నాటలేదు, దాని కింద తేమ ఆరలేదు. అందువల్ల విత్తనాల పొట్లం మొత్తాన్ని ఒకే రోజు చల్లేయకుండా, పదిహేను రోజుల ఎడంతో మూడు నాలుగు విడతలుగా విత్తడం మంచిది. ఏ విడత నిలుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒకటి పోయినా మరొకటి చేతికి వస్తుంది.

అదను విషయంలో ఇతర ప్రాంతాల వారు చెప్పే నెలలను యథాతథంగా పాటించకూడదు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు బలంగా కురుస్తాయి. ఎండలు మార్చి నుంచే ముదిరి, రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా సాగుతాయి. పగటి వేడి సుమారు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీల కిందికి దిగకపోయినా టమాటలో పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. ఎరువు ఎంత వేసినా ఆ పూత నిలవదు. మదనపల్లెలో వేసవిలోనూ టమాట పండుతోంది కదా అని అడిగేవారు ఆ ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉందనీ, తిరుపతి 160 మీటర్ల చుట్టుపక్కలే ఉందనీ గమనించాలి. ఇక్కడ అక్టోబరులో నారు పోసి, వాన దెబ్బ నేరుగా తగలని చోట పెంచి, నవంబరులో నాటితే కాపు చల్లటి నెలల్లోకి వస్తుంది. కొత్తిమీర, మెంతికూర కూడా ఆ నెలలవే. వేసవికి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి వేసుకోవాలి. వంగ కూడా కొంత ఓర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టడం ఖర్చుకు తగిన పనే.

తీగ జాతుల్లో కనిపించే వైఫల్యంలో సగం నిజానికి వైఫల్యం కాదు. సొర, బీర, కాకర తీగలకు సాధారణంగా ముందు మగ పూలే వస్తాయి, అవి రాలిపోవడం సహజం. అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పూలు తరువాత వస్తాయి. అవి కూడా పసుపుబారి రాలుతుంటే, మిద్దె మీదికి తేనెటీగలు రావడం లేదేమో చూడాలి. అప్పుడు మగ పువ్వును కోసి, రేకలు తీసి, దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్య భాగానికి అద్దాలి. వేళ ముఖ్యం: సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పూలు ఉదయం విచ్చుకుంటాయి. ఉదయం పది గంటలకు సొర పువ్వు దగ్గర నిలబడి ప్రయోజనం లేదు. తీగ ముదురాకుపచ్చగా ఏపుగా సాగుతూ పూతే పట్టకపోతే, నత్రజని ఎక్కువైందని భావించి వేరుశనగ చెక్క వేయడం కొన్నాళ్లు ఆపాలి.

నీటి గురించి మరికొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇక్కడ చాలా ఇళ్లలో మొక్కలకు పోసేది బోరు నీరే. ఆ నీరు కఠినమైనదైతే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు తరచుగా కలపడం, నీళ్లు కుండీ అడుగు నుంచి పారేంతగా అప్పుడప్పుడు నిండుగా పోసి ఉప్పును కడిగేయడం, వీలైతే వాన నీరు పట్టి వాడడం దీనికి ఉపాయాలు. టమాట కాయ అడుగు నల్లబడటానికి కూడా తెగులుకన్నా నీటి ఎగుడుదిగుడులే సాధారణ కారణం: ఒక రోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే కాయకు కాల్షియం సరిగా అందదు. ఇక వానాకాలంలో కుండీ రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వంటి వాన వస్తే, మిద్దె మీద నీరు పోయే గొట్టం దగ్గర ఆకులు పేరుకుని ఉంటే చాలు, మొక్కలతో పాటు కప్పుకూ చేటే.

మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులనూ, కిందికి ముడుచుకుంటే నల్లినీ (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు) అనుమానించాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి, సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా చల్లడం తొలి దశలో కొంత పని చేస్తుంది. బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే మార్గం. కొండ పాదాన ఉన్న వీధుల్లో కోతుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ పండ్ల మొక్కల ఆశ తగ్గించుకుని, కరివేపాకు, పుదీనా వంటివి పెంచడమే మేలని నా అభిప్రాయం.

ఏది పని చేసిందో తెలియాలంటే ఒకేసారి అన్నీ మార్చకూడదు. ఎరువు, చోటు, నీళ్ల వేళ మూడూ ఒకే వారంలో మార్చిన తరువాత మొక్క కోలుకున్నా కారణం అంతుపట్టదు. ఒకే నారు నుంచి రెండు మొక్కలు తీసి, ఒకటి నీడ వల కింద, ఒకటి ఆరుబయట ఉంచి, విత్తిన తేదీ, తొలి పూత తేదీ క్యాలెండరు మీదే రాసుకుంటే చాలు.

విత్తనం దాచేటప్పుడు హైబ్రిడ్ కాయల గింజలు పక్కన పెట్టాలి. వాటి సంతానం తల్లి మొక్కలా కాయదు. కరివేపాకు గింజ మరీ తొందరగా మొలక శక్తి కోల్పోతుంది కనుక, నల్లగా పండిన కాయను కోసిన వెంటనే గుజ్జు కడిగేసి, ఆరబెట్టి దాచకుండా అదే వారం విత్తాలి.