తార షడ్జమం దాటాలంటే

విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి దగ్గర్లోనే మా ఇల్లు. నా దగ్గరికి పాట పాఠానికొచ్చే పిల్లలందరికీ ఒకటే ఆత్రం, తార షడ్జమం, అంటే పై ‘స’, దాటేయాలని.

ముందు అయిదు నిమిషాలు నోరు మూసి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ‘మ్‌’ అనండి. తర్వాత పెదాలు బుర్రుమనిపిస్తూ స నుంచి ప దాకా ఎక్కి దిగండి. ఊపిరి సమంగా లేకపోతే ఆ బుర్రు మధ్యలోనే ఆగిపోతుంది. తప్పు ఎక్కడో మీకే తెలుస్తుంది.

ఇక మాయామాళవగౌళ రాగంలో హెచ్చుస్థాయి వరుసలు, అంటే పై స్వరాలకి ఎక్కే పాఠాలు. మొదట అకారం వద్దు, అంటే ‘ఆ’ అని పాడకండి, ‘ఊ’ అంటూ మెల్లగా. పైకి వెళ్లేకొద్దీ అరవకండి, గొంతు పలచబడనివ్వండి. గడ్డం లేస్తోందేమో అద్దంలో చూసుకోండి. చిన్నప్పుడు నేను పోటీకని అరిచి అరిచి, సరిగ్గా ఆ రోజుకే గొంతు పోగొట్టుకున్నాను లెండి!

అలవాటయ్యాక శ్రుతి పెట్టెలో ఒకటో శ్రుతి నుంచి అర మెట్టు పైనున్న ఒకటిన్నరకి జరగండి. నొప్పి అనిపిస్తే ఆ పూటకి ఆపేయండి.