గోధుమకి ఆర్‌ఎన్‌ఏ స్ప్రే తయారుచేయాలంటే ముందు ఫంగస్‌ని అడగండి

ఫంగస్ జీన్ ఒకదాన్ని పనిచేయకుండా ఆపే ఆర్‌ఎన్‌ఏని పంట మీద చల్లి రోగం తగ్గించడమే ఈ స్ప్రే పని. ఈ పనిలోకి దిగేవాళ్ళు చాలామంది ఏ జీన్‌ని కొడదామా అని మొదలెడతారు, నన్నడిగితే అది రెండో సంగతి. మనం చల్లే డబుల్ స్ట్రాండ్ (రెండు పోగుల) ఆర్‌ఎన్‌ఏని ఆ ఫంగస్ అసలు లోపలికి తీసుకుంటుందా అన్నది ముందు తేలాలి. ఆకు మీద మచ్చలు తెచ్చే జైమోసెప్టోరియా ట్రిటిసి మీద 2019లో చేసి చూస్తే అది బయటి ఆర్‌ఎన్‌ఏని ఖాతరే చేయలేదు. కంకిని ఎండబెట్టే ఫ్యుజేరియం గ్రామినియారం నయం, తీసుకుంటుంది.

చెక్ చేయడం సింపులే. ఆర్‌ఎన్‌ఏకి ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగు తగిలించి, మొలకెత్తుతున్న ఫంగస్ స్పోర్లతో (విత్తనాల్లాంటివి) కలిపి, కొన్ని గంటలయ్యాక ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్ న్యూక్లియేజ్‌తో బయట అంటుకున్నదంతా కడిగేసి అప్పుడు మైక్రోస్కోప్ కింద చూడాలి. ఈ కడిగే స్టెప్ వదిలేస్తే పైన అంటుకున్న మెరుపు చూసి లోపలికెళ్ళిందనుకుని మురిసిపోతాం, నేనూ ఓసారి అలాగే మురిశాను లెండి.

జీన్ అయితే సీవైపీ51తో మొదలెట్టండి, ఫంగస్ పొరకి కావాల్సిన ఎర్గోస్టెరాల్ దీంతోనే తయారవుతుంది, అజోల్ అనే ఫంగస్ మందులు కొట్టేదీ దీన్నే. ఫ్యుజేరియంలో ఉన్న ఈ రకం జీన్లు మూడిట్నీ కలిపి టార్గెట్ చేసే 791 బేస్‌ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) ఆర్‌ఎన్‌ఏని బార్లీ ఆకుల మీద చల్లిన పని 2016లో వచ్చింది, అందులో మందు తగలని భాగంలో కూడా ఫంగస్ తగ్గింది. మీ సీక్వెన్స్‌లో వరుసగా 21 బేస్‌లు గోధుమతోనో తేనెటీగతోనో మనిషితోనో కలిస్తే ఆ ముక్క తీసేయండి, లేకపోతే వాటి జీన్ కూడా ఆగిపోవచ్చు.

ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ మొత్తంలో కావాలంటే దాన్ని తయారుచేసే కిట్లతో డబ్బు తగలేయకుండా హెచ్‌టీ115 అనే ఈ.కోలై బ్యాక్టీరియాలో మీ సీక్వెన్స్ పెట్టి వాడండి, దాంట్లో డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏజ్ 3 ఉండదు కాబట్టి మన సరుకుని అది కోసేయదు. బ్యాక్టీరియా చిక్కదనం చెప్పే ఓడీ 0.4 దాటాక, ఆర్‌ఎన్‌ఏ తయారీని మొదలెట్టించే ఐపీటీజీ వేసి, తర్వాత ఆర్‌ఎన్‌ఏ తీసి సైజుని బట్టి విడదీసే జెల్ మీద నడపండి. ఒక్క గీత నీట్‌గా రావాలి, పొగలా సాగిందంటే పాడైందనే లెక్క. ఉప్పు ఎక్కువున్న బఫర్ ద్రావణంలో ఆర్‌ఎన్‌ఏజ్ ఎ వేస్తే సింగిల్ స్ట్రాండ్ పోయి డబుల్ మాత్రం మిగులుతుంది, ఉప్పు తక్కువైతే రెండూ పోతాయి, చూసుకోండి.

టెస్ట్‌కి తెంపిన ఆకులు చాలు, లీటరుకి 20 మిల్లీగ్రాములతో మొదలెట్టొచ్చు. పక్కన ఉత్త బఫర్ ఒకటి, ఫంగస్‌లో లేని జీన్ జీఎఫ్‌పీ ఆర్‌ఎన్‌ఏ ఇంకోటి పెట్టాల్సిందే, లేకపోతే తగ్గింది మీ సీక్వెన్స్ వల్లా, ఏదో ఒక ఆర్‌ఎన్‌ఏ పడితే చాలా అన్నది తేలదు. మచ్చ సైజుతో సరిపెట్టకుండా ఫంగస్ డీఎన్‌ఏని క్యూపీసీఆర్ అనే డీఎన్‌ఏ లెక్కించే పరీక్షలో కొలవండి, గింజలో ఫ్యుజేరియం వదిలే డాన్ అనే విషం (టాక్సిన్) కూడా చూడండి, ఎందుకంటే తినేవాళ్ళకి డేంజర్ అదే.

కంకి మీదైతే పూత టైమే టైము, ఫ్యుజేరియం దూరేది ఎక్కువగా అప్పుడే. రోగం పట్టాక కాదు, ముందే పడాలి. ఎండకీ వానకీ ఇది తొందరగా పోతుంది కాబట్టి, చల్లాక రోజు విడిచి రోజు ఆకులు కడిగి ఎంత మిగిలిందో కొలుస్తూ పోతే మళ్ళీ ఎప్పుడు కొట్టాలో మీకే తెలుస్తుంది.