ముందు చూరు కింద చెయ్యి పెట్టి చూడండి

మేముండేది చిన్న అండమాన్‌లో, హట్‌బేలో. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. సముద్రం బాగోకపోతే ఓడ రాదు, ఇంటి కప్పు రేకుల స్క్రూలకు వేసే ఒక్క వాషర్ కోసం కూడా రోజుల తరబడి ఆగాలి. మే మూడో వారానికల్లా నైరుతి వానలు దిగిపోతాయి కాబట్టి రేకుల పని ఏప్రిల్‌లోనే ముగించేస్తాను.

వానకే రేకులు పాడవుతాయని చాలామంది అనుకుంటారు. వాటిని తినేది ఉప్పు. పైన పేరుకున్న ఉప్పును వాన కడిగేస్తుంది. చూరు అడుగున, రేకు మీద రేకు ఎక్కే అతుకుల దగ్గర వాన తగలదు. అక్కడ ఉప్పు నిలిచి గాలిలో చెమ్మను పీలుస్తుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. అందుకే నిచ్చెన వేసుకుని ముందు చూరు కింద తడిమి చూడండి. ఎండాకాలంలో నేను నెలకోసారి ఆ భాగాన్ని మంచినీళ్లతో తుడుస్తాను. నీళ్లకు కరువుండే నెలలే, అయినా రెండు బకెట్లు, ఓ గుడ్డ చాలు.

తుప్పు కనిపిస్తే వైరు బ్రష్‌తో గట్టి లోహం తేలేదాకా గీకి, కడిగి, ఆరగానే అదే రోజు జింక్ ప్రైమర్ వేయండి. రాత్రికి వదిలేస్తే ఉప్పుగాలి మళ్లీ పట్టేస్తుంది. దానిమీద రెండు పూతలు రంగు.

తర్వాత స్క్రూలు. ఎండకు రబ్బరు వాషర్లు పగులుతాయి, అలాంటివి మార్చేయండి. వాషర్ కొద్దిగా అణిగేదాకా బిగిస్తే చాలు. ఓ ఏడాది కారకూడదని బలమంతా పెట్టి బిగించాను. రబ్బరు చిట్లిపోయి, జూన్ నెలంతా అమ్మ మంచం పక్కన గిన్నె పెట్టుకుని పడుకుంది. ఆ బాధ ఇంకా పోలేదు. పాత రంధ్రం వదులైతే ఒక సైజు లావు స్క్రూ వేయండి. చూరు దగ్గర, రెండు వాలులు కలిసే కొప్పు దగ్గర గాలి రేకును ఎత్తేస్తుంది, అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి.

కొబ్బరి మట్టలు పడితే వెంటనే తీసేయండి, కింద తడి నిలుస్తుంది. కప్పు తడిగా ఉంటే ఎక్కొద్దు. స్క్రూల వరుస మీదే అడుగు వేయండి, దాని కింద కర్ర ఉంటుంది. కింద ఒక మనిషి తప్పనిసరి.

మాలాగా ఇంటి కప్పు మీద పడే వాననీళ్లు పట్టుకుని తాగేవాళ్లు సీసం లేని రంగే కొనండి. రంగు వేశాక మొదటి కొన్ని వానలకు గొట్టాన్ని తొట్టిలో కాకుండా పెరట్లోకి తిప్పండి.