యాడ్-ఆన్ ఎవరి ఖాతాలో ఉందో చూసుకున్నారా?

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లు ఆఫీసులో ధాన్యం లారీల లెక్కంతా గూగుల్ షీట్స్‌లోనే. కాటా చీటీ చూసి బరువు ఎక్కిస్తే చాలు, సాయంత్రానికి ఏజెంట్లందరికీ పట్టీలు, అంటే లెక్క చీటీలు, మెయిల్‌లో వెళ్లిపోయేవి. అది షీట్స్ గొప్పతనం కాదు, ఎవరో బయటివాళ్లు తయారుచేసిన యాడ్-ఆన్ పని, అంటే షీట్స్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్ పని. మొన్న యాసంగి కోతలు జోరుమీదున్నప్పుడే అది ఆగింది. కారణం చిన్నదే: దాన్ని అమర్చిన గుమాస్తా ఉద్యోగం మానేశాడు, మేము అతని ఖాతా తీసేశాం. వేళకు దానంతట అది నడిచే పని, దాన్ని పెట్టిన మనిషి ఖాతా మీదే నడుస్తుంది. ఖాతా పోతే అదీ పోతుంది.

అందుకే ఇలాంటివి ఆఫీసు ఖాతాతోనే పెట్టండి. అనుమతులు అడిగే తెరను చదవకుండా నొక్కకండి. పట్టీలు పంపడానికి వచ్చినది గూగుల్ డ్రైవ్‌లోని మన ఫైళ్లన్నీ చూస్తాను, మారుస్తాను, తొలగిస్తాను అంటే నేనైతే ఒప్పుకోను. ఇదివరకే ఇచ్చిన అనుమతులను గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లి రద్దు చేయవచ్చు. వారానికోసారి షీటును ఎక్సెల్ ఫైలుగా దించి పెట్టుకోండి. యాడ్-ఆన్ లేకుండా అదే పని చేతితో చేసే తీరు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ రాత్రి మా 42 పట్టీలూ బీరువా అడుగున పడి ఉన్న పాత కార్బన్ పుస్తకంలోనే రాశాం.